ఫుడ్ చైన్ ముందా, ఫుడ్ వెబ్ ముందా? మూడో తరగతి పిల్లల సంగతి

చాక్‌పీసు: తలా ఒక జంతువు ఇచ్చి అది ఏం తింటుంది, దాన్ని ఎవరు తింటారు కనుక్కుని రమ్మన్నా. వచ్చిన చార్టుల్లో సగం పులులూ సింహాలే, అన్నీ నెట్‌లోంచి దించినవే, పొడవెంత బరువెంత అని బోలెడు ఉంది గానీ తిండి గురించి ఒక్క లైను. సరే ఆహారపు గొలుసు గీయండ్రా అంటే చాలామంది బాణం తిరగేసి పెట్టారు, కప్ప నుంచి మిడతకి. ఇదేంట్రా అంటే "కప్పే కదా టీచర్ వెళ్లి పట్టుకునేది" అంటాడొకడు. గొలుసు మానేసి మొదటిరోజే వెబ్, అంటే చాలా గొలుసులు అల్లుకున్న వల, గీయిస్తే నయమేమో అనిపిస్తోంది, ఏమంటారు?

రఫ్‌నోట్సు: వద్దండీ బాబూ. ఎనిమిదేళ్ల వాళ్లకి వెబ్ అంటే చిక్కుపడ్డ దారపుండే. గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద, ఇవి బుర్రలో కూర్చున్నాకే మిగతాది. బాణం తప్పు గొలుసుది కాదు, "ఎవరు ఎవర్ని తింటారు" అని అడగడంలో ఉంది. "తిండి ఎవరి పొట్టలోకి పోతోంది" అని అడిగి చూడండి, వాళ్లే తిప్పేస్తారు.

చాక్‌పీసు: బాణం విషయం ఒప్పుకున్నా. మరి "కప్పలు పోతే పాములన్నీ చచ్చిపోతాయి" అని రాసేదాన్ని ఏం చేయను? పాము ఎలకల్నీ తింటుంది కదా.

తోకచుక్క: నాదీ వెబ్ పార్టీయే. 1960ల్లో రాబర్ట్ పెయిన్ అనే ఆయన అమెరికా పసిఫిక్ తీరంలో ఒక రాతిగట్టు మీదున్న సముద్ర నక్షత్రాల్ని పీకి సముద్రంలోకి విసిరేస్తూ వచ్చాడు, పక్క ముక్కని ముట్టుకోలేదు. గొలుసు లెక్కన తినేది పోయింది కాబట్టి కిందవన్నీ హాయిగా పెరగాలి. పెరిగింది మసెల్స్ అనే గుల్లలు, అవి చోటంతా ఆక్రమించి మిగతావాటిని గెంటేశాయి, 15 జాతులున్న చోట 8 మిగిలాయి. 1966లో పేపర్ వేశాడు. పిల్లలకి ఇంతకన్నా మంచి కథ ఏముంటుంది?

రఫ్‌నోట్సు: కథ బావుంది. కానీ గొలుసే తెలీని పిల్లకి అందులో ఆశ్చర్యం ఎక్కడిదండీ? మీరే "గొలుసు లెక్కన" అని మొదలెట్టారు 😀

తోకచుక్క: హహ, దొరికిపోయా. అయినా ఒక వారం తేడాలో రెండూ చెప్పొచ్చు, ఏళ్లకేళ్లు గొలుసు దగ్గరే ఆపితేనే గొడవ. విచ్ఛిన్నకారుల్ని, అంటే చచ్చినవాటిని కుళ్లబెట్టి మట్టిలో కలిపే బూజూ సూక్ష్మజీవుల్లాంటివాటిని, అయితే ఇద్దరూ మర్చిపోయారు, గద్ద చచ్చాక బొమ్మ అయిపోయినట్టేనా?

చీమలబారు: నాకు చైనూ వెబ్బూ కాదు, పులే ప్రాబ్లం. పులి మీద చార్టు రాసిన పిల్లాడు పులి తినడం ఎప్పుడు చూస్తాడు, నెట్ కాపీ కొట్టక ఏం చేస్తాడు? కళ్లకి కనబడే జంతువునివ్వండి.

చాక్‌పీసు: మీరనేదాకా గుర్తు రాలేదు. ఒక పిల్ల సాలీడు తెచ్చింది, నోటుబుక్కు కాగితం మీద పెన్సిల్‌తో, "గూడులో మూడు దోమలు, ఒక రెక్కలపురుగు. సాలీడుని ఎవరు తింటారో మూడ్రోజులు చూశాను, ఎవరూ రాలేదు. నాలుగో రోజు బల్లి" అని. బాణాలు కూడా కరెక్టే, రెండు పురుగుల నుంచీ సాలీడుకి. రంగుల్లేవని నేనే మార్కులు తగ్గించా. రేపు ఆ కాగితం వెనక్కి అడిగి తీసుకోవాలి.