డిగ్రీలోనే ఒక ఏడాది విదేశంలో చదివే వీలున్న రీజనల్ స్టడీస్ కాలేజీ ఏది?

సుబేదారి:
నిన్న రాత్రి నుంచి ఇదే పని మీద కూర్చున్నా, తల పగిలిపోతోంది, తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. మా చెల్లెకు ఇంటర్ అయిపోయింది. రీజనల్ స్టడీస్ (ఒక దేశం భాష, చరిత్ర, రాజకీయాలు కలిపి) చదువుతా, మధ్యలో ఆ దేశం పోయి చదివి రావాలి అంటోంది. ఏ కాలేజీ వెబ్‌సైట్ తెరిచినా ‘గ్లోబల్ పార్ట్‌నర్స్’ అని పేజీ నిండా జెండాలు, యూనివర్సిటీల ముద్రలే. ఏ కోర్సు వాళ్లను పంపిస్తారు, ఫీజు ఎవరు కడతారు అనేది ఒక్క ముక్క ఉండదు. ఒక ప్రైవేటు యూనివర్సిటీకి ఫోన్ చేస్తే చాలాసేపు లైన్లో ఉంచి చివరికి ‘అది బీటెక్ వాళ్లకే మేడమ్’ అన్నారు. ఇక్కడి కన్సల్టెన్సీ ఆయనేమో డిగ్రీయే అక్కడ చేయించండి, లోన్ మేం ఇప్పిస్తాం అంటాడు. మన రాష్ట్రం డిగ్రీ అడ్మిషన్ల సైట్ దోస్త్‌లో వెతికితే ఆ పేరుతో కోర్సే దొరకలేదు. బాపు తొందరగా తేల్చమంటున్నాడు. మంచి కాలేజీ ఒక్కటి చెప్పండి చాలు.

పరకాల:
ఏ దేశం? ఇంటర్‌లో ఏ గ్రూపు? సీయూఈటీ (సెంట్రల్ యూనివర్సిటీల ఎంట్రన్స్) రాసిందా? ఇవి చెప్పకుండా ఎవరూ ఏం చెప్పలేరు.

జమ్మికుంట మాస్టారు:
అమ్మా, రీజనల్ స్టడీస్ అంటే ముందు మన ప్రాంతాన్ని చదవాలి. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. కాకతీయుల నాటి పాకాల, లక్నవరం చెరువుల కింద ఇప్పటికీ పొలాలు పండుతున్నాయి. వాటిని లోతుగా చదివే పిల్లలు మాత్రం మన దగ్గర కరువయ్యారు. గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం చూడండి. తుఫానుకు ఓడ కొట్టుకొచ్చినా వ్యాపారి సరుకు లాక్కోము, మామూలు సుంకమే తీసుకుంటాం అని రాజే మాట ఇచ్చాడు. ఓరుగల్లు నుంచి సముద్రం అవతలికి అంత సంబంధం ఉండేది. అమెరికాలో బర్కిలీ యూనివర్సిటీలో తెలుగు నేర్పుతున్నారు, జర్మనీలో హైడెల్‌బర్గ్ యూనివర్సిటీలో 1962 నుంచి దక్షిణాసియా ఇన్‌స్టిట్యూట్ ఉంది. వాళ్లు మనల్ని చదువుతుంటే మన పిల్లలు ఇక్కడి చరిత్ర వదిలేసి పోతామంటే నాకు బాధ. కాకతీయ యూనివర్సిటీలో హిస్టరీ చదివించండి.

మంచిర్యాల:
మాస్టారూ, శాసనం సంగతి మంచిగ చెప్పారు కానీ ఆమె అడిగింది అది కాదు. వేరే దేశం భాష, చరిత్ర, రాజకీయం కలిపి చదివేదాన్ని ఏరియా స్టడీస్ అంటారు, ఆ పేరుతో వెతకాలి.

జమ్మికుంట మాస్టారు:
పేరు ఏదైనా ప్రాంతమే కదా. డెక్కన్ కూడా ఒక ఏరియానే.

సుబేదారి:
జపాన్ అండీ. సీఈసీ. సీయూఈటీ రాసింది, రిజల్ట్ రావాలి. వాళ్ల లిపులు హిరగానా, కటకానా సొంతంగా నేర్చుకుంది, గోడ మీద చార్టులు అంటించుకుంది. భాష ఒక్కటే కాదు, వాళ్ల చరిత్ర, రాజకీయాలు కూడా కావాలంట.

తార్నాక:
అక్కా, నేను హైదరాబాద్‌లో భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో చదివా (నాది జపనీస్ కాదు, మా రూమ్మేట్ చదివింది జపనీస్). ఒక విషయం తెలిస్తే మీ టెన్షన్ సగం తగ్గుతుంది. మన ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఏరియా స్టడీస్ ఎక్కువగా పీజీలోనే మొదలవుతుంది. జేఎన్‌యూలో స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్, ఢిల్లీ యూనివర్సిటీలో ఈస్ట్ ఏషియన్ స్టడీస్, రెండింట్లోనూ ఎంఏ, పీహెచ్‌డీలే. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఆగ్నేయాసియా, పసిఫిక్ అధ్యయన కేంద్రం ఉంది కానీ ఇంటర్ అయిన పిల్లకు అది ఇప్పుడే పనికిరాదు. దోస్త్‌లో దొరకలేదంటే కారణం ఇదే. డిగ్రీలో లోపలికి పోయే దారి భాష. బీఏ ఆనర్స్ జపనీస్ ఇఫ్లూలో ఉంది, జేఎన్‌యూలో ఉంది, శాంతినికేతన్ విశ్వభారతిలో కూడా ఉంది.

విదేశం సంగతి కాలేజీ గోడ మీద ముద్రలు చూసి నమ్మకండి. జపాన్ ప్రభుత్వం మెక్స్ట్ స్కాలర్‌షిప్‌లో ‘జపనీస్ స్టడీస్’ అని ఒక రకం ఇస్తుంది, జపాన్ బయట డిగ్రీలో జపనీస్ భాష, సంస్కృతి చదివే వాళ్లకే అది. ఏడాది అక్కడ యూనివర్సిటీలో చదువు, ఫీజు లేదు, రానూపోనూ విమానం ఖర్చు వాళ్లదే, నెలకు 1,17,000 యెన్‌లు చేతికిస్తారు. తిరిగొచ్చి ఇక్కడి డిగ్రీ పూర్తి చేయాలి. రాయబార కార్యాలయం ద్వారా పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి, యూనివర్సిటీ సిఫార్సు మీద పోయే దారి వేరే ఉంది. అందరికీ రాదు, భాష గట్టిగా ఉండాలి. కానీ మీ చెల్లె అడిగింది అచ్చం ఇదే.

ఇంకోటి, సీయూఈటీ రాసినంత మాత్రాన సీటు రాదు. జేఎన్‌యూకు, ఇఫ్లూకు వాళ్ల వాళ్ల వెబ్‌సైట్లలో విడిగా అప్లికేషన్ పెట్టాలి. మా బ్యాచ్‌లో మార్కులు ఉండి ఇది తెలియక ఆగిపోయిన పిల్లలు ఉన్నారు.

జనగామ–ఢిల్లీ:
పైది కరెక్ట్. ప్రైవేటులో పోవాలంటే జిందాల్ యూనివర్సిటీ లాంటి చోట విదేశీ ఒప్పందాలు చాలా ఉన్నాయి, ఫీజు మాత్రం లక్షల్లో. అడగాల్సింది ఒకటే, ఎక్స్‌ఛేంజ్‌లో పంపిస్తారా, ఊరికే స్టడీ అబ్రాడ్‌లోనా? ఎక్స్‌ఛేంజ్ అయితే మామూలుగా ఇక్కడి ఫీజే కడతారు. రెండోదైతే అక్కడి ఫీజు మీదే.

మంచిర్యాల:
ట్వినింగ్ మర్చిపోయారు, అంటే ఇక్కడి డిగ్రీలోనే కొంత భాగం ఒప్పందం ఉన్న విదేశీ యూనివర్సిటీలో చదవడం. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం అందులో 30 శాతం వరకు క్రెడిట్లు విదేశంలో చేయొచ్చు.

జనగామ–ఢిల్లీ:
ఎక్స్‌ఛేంజ్‌కు, దానికి సంబంధం లేదు. ఆ నిబంధనలు ట్వినింగ్, జాయింట్, డ్యుయల్ డిగ్రీలకు. సెమిస్టర్ పోయి రావడం వేరు.

మంచిర్యాల:
అక్కడ చదివిన క్రెడిట్లు ఇక్కడి డిగ్రీలో కలవకపోతే పోయి ఏం లాభం? అదే నేను చెప్పేది.

పరకాల:
క్రెడిట్లు కలుపుతామని కాగితం మీద రాసివ్వమనండి. ఆ డిపార్ట్‌మెంట్ నుంచి పోయినేడు ఎంతమంది పోయారో అడగండి. అంతే.

జమ్మికుంట మాస్టారు:
పీజీకి మన రాష్ట్ర ఓవర్సీస్ విద్యానిధి 20 లక్షల దాకా ఇస్తుంది, ఆదాయం 5 లక్షల లోపు ఉండాలి, దేశాల్లో జపాన్ ఉంది. డిగ్రీకి వర్తించదు. కేంద్రం ఎక్కువగా ఎస్సీ పిల్లలకు ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో మాత్రం భారత సంస్కృతి, చరిత్ర మీద చదువుతామంటే ఇవ్వం అని 2022లో పెట్టారు. జపాన్ గురించి చదవడానికి తోవ ఉంది, కాకతీయుల గురించి విదేశంలో పరిశోధన చేస్తానంటే లేదు. దీని మీద ఎవరూ మాట్లాడరేం?

తార్నాక:
ఆ రూల్ అన్యాయమే మాస్టారూ, దళిత పిల్లలకు ఎక్కువ దెబ్బ. దాని మీద విడిగా పోస్ట్ పెట్టండి, నేనూ రాస్తా.

సుబేదారి:
చెల్లెకు చూపించా. ఇఫ్లూ, జేఎన్‌యూ రెండింటికీ పెడుతుందట. ఢిల్లీ అంటే బాపు ఒప్పుకోవాలి, కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా పోవచ్చని చెప్పి చూస్తా. థాంక్స్ తమ్మీ.

హుస్నాబాద్:
మా బాబుకు కొరియన్ కావాలి, సీయూఈటీ రాయలేదు, దోస్త్‌లో ఏదన్నా ఉందా?