ఒకే నమూనా డీఎన్‌ఏ నుంచి కణితి పరిణామ క్రమం తెలుస్తుందా?

ప్రశ్న:
కణితి నుంచి ఒకేసారి తీసిన నమూనాను సీక్వెన్సింగ్ చేసినప్పుడు (డీఎన్‌ఏ అక్షరక్రమాన్ని చదివినప్పుడు) కణితులను అడ్డుకునే టీపీ53 జన్యువులోని మ్యుటేషన్ 40% రీడ్లలోనూ (చదివిన డీఎన్‌ఏ ముక్కల్లోనూ), మరో జన్యువులోని మ్యుటేషన్ 10% రీడ్లలోనూ కనిపించిందనుకుందాం. మొదటిది ముందు వచ్చిందని, రెండోది దాని సంతతి కణాల్లో తరువాత పుట్టిందని చెప్పడానికి ఈ అంకెలు సరిపోతాయా?

జవాబు 1:
సరిపోవు. నమూనాలో ఆరోగ్యకరమైన కణాలు కూడా కలిసి ఉంటాయి కాబట్టి, రీడ్ల శాతాన్ని కణాల శాతంగా మార్చాలంటే కణితి కణాల వాటా ఎంతో, ఆ జన్యువుకు ఎన్ని ప్రతులున్నాయో తెలియాలి. అన్ని కణితి కణాల్లోనూ టీపీ53 రెండు ప్రతుల్లో ఒకటే మారి ఉంటే కణితి వాటా 80% అవుతుంది. అప్పుడు ఆ 10% మ్యుటేషన్ కణితి కణాల్లో నాలుగో వంతులో ఉన్నట్టు. అలాకాక మంచి ప్రతి పోయి, దాని స్థానంలో మారిన ప్రతే రెట్టింపై ఉంటే వాటా 40% మాత్రమే, అదే 10% సగం కణితి కణాలకు చెందుతుంది. పైగా 30 రీడ్ల లోతులో, అంటే ఆ చోటును 30 సార్లే చదివినప్పుడు, 10% అంటే మూడు రీడ్లు. వాటిని నమ్మి కణాల వంశవృక్షం గీయడం సాహసమే.

జవాబు 2:
పై లెక్కకు ఒక చేర్పు. ఒక క్రోమోజోమ్ భాగం రెట్టింపై మొత్తం మూడు ప్రతులైనప్పుడు, మూడింట రెండు ప్రతుల్లో ఉన్న మ్యుటేషన్ ఆ రెట్టింపుకు ముందే వచ్చినట్టు. ఒక్క ప్రతిలోనే ఉంటే మాత్రం తరువాత వచ్చినదైనా కావచ్చు, రెట్టింపు కాని ప్రతిపై ముందే వచ్చినదైనా కావచ్చు.

ప్రశ్న అడిగినవారు:
అయితే అన్ని కణాల్లోనూ ఉన్నట్టు లెక్కతేలిన మ్యుటేషన్‌ను వంశవృక్షపు కాండంలోదేనని, అంటే కొమ్మలు విడిపోకముందే వచ్చినదని, నిశ్చయంగా అనవచ్చా?

జవాబు 3:
ఆ నమూనా మేరకే. క్యాన్సర్ పరిశోధకుడు చార్లెస్ స్వాన్టన్ బృందం 2012లో మూత్రపిండ కణితులను పలు చోట్ల నుంచి తీసి సీక్వెన్సింగ్ చేసినప్పుడు, దాదాపు మూడింట రెండు వంతుల మ్యుటేషన్లు అన్ని భాగాల్లోనూ కనిపించలేదు. అదీగాక ఒకే కణితిలోని వేర్వేరు కొమ్మల్లో సెట్‌డీ2 జన్యువు వేర్వేరు మ్యుటేషన్లతో దెబ్బతిని ఉంది. నన్నడిగితే ఆ పరిశోధనలో అసలు విశేషం ఇదే, ఎందుకంటే విడివిడి కొమ్మలు ఒకే ఫలితం వైపు నడవడం వరణ ఒత్తిడికి (కణానికి మేలు చేసే మార్పులే నిలిచి పెరగడానికి) బలమైన సూచన. ఒక్క చోటే సూది గుచ్చి ఉంటే వాటిలో ఒకటే దొరికేది, దాన్నే కాండం అనుకునేవారు. వీలైతే కనీసం రెండు మూడు భాగాల నుంచి నమూనాలు తీయించండి. అది కుదరకపోతే ఒక్కో కణాన్ని విడిగా సీక్వెన్సింగ్ చేయడం మరో మార్గం, అయితే అందులో ఒక ప్రతి చదవకుండా జారిపోయే పొరపాట్లు ఎక్కువ.