ఓడ దిగడానికే గంట: 2005 కింగ్ కాంగ్‌ని హాల్లో చూసినవాళ్ళు చెప్పండి

బందరు రోడ్డు బాల్కనీ:
మొన్న ఆదివారం మావాడికి (తొమ్మిదో తరగతి) పీటర్ జాక్సన్ తీసిన కింగ్ కాంగ్ పెట్టాను, అదే, ఓడలో దీవికెళ్ళి కాంగ్ అనే రాక్షస గొరిల్లాని న్యూయార్క్ పట్టుకొచ్చే సినిమా. ఓడ ఇంకా దీవికి చేరనే లేదు, సోఫాలో నిద్రపోయాడు. లేపితే "కోతి వచ్చినప్పుడు పిలువు నాన్నా" అన్నాడు. ఉక్రోషం వచ్చింది గానీ, కాంగ్ కనిపించాక టైము చూస్తే గంట దాటి చాలాసేపయింది. విజయవాడలో రిలీజైన కొత్తలో సెకండ్ షో చూశాను నేను. అప్పుడు ఇంత సాగినట్టు గుర్తే లేదు. అమెరికా సినిమా విమర్శకుడు రోజర్ ఎబర్ట్ నాలుగుకు నాలుగు స్టార్లు ఇచ్చిన సినిమా ఇది. అప్పట్లో మీకెలా అనిపించింది?

బ్రాడీపేట 4/14:
గుంటూరులో ఇంజినీరింగ్ బ్యాచ్ ఆరుగురం కలిసి వెళ్ళాం. ఓడలో ఏం మాట్లాడుకున్నారో ఒక్క ముక్క అర్థం కాలేదు, సబ్‌టైటిల్స్ లేవు. వెనక వరసలో ఒకాయన "ఇంకెప్పుడయ్యా దిగేది" అని గట్టిగానే అడిగాడు. కానీ మూడు రాక్షస బల్లులతో ఫైటు మొదలయ్యాక ఎవడూ సీట్లో లేడు. కాంగ్ ఆ హీరోయిన్ పిల్లని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి, అక్కడ్నించి కాలివేళ్ళలోకి మార్చుకుంటూ కొడతాడు చూడండి! చివరిదాని దవడ చీల్చేసి, చచ్చిందో లేదో అని అటూ ఇటూ ఆడించి చూస్తాడు. ఆ షాటుకు మా హాల్లో కాగితాలు ఎగిరాయి. హీరో ఎంట్రీకి ఎగిరినట్టే.

పులుసు లేని ముక్క:
నాకు నచ్చలేదు, తిట్టుకున్నా ఫర్వాలేదు. 1933లో కూపర్, షూడ్‌సాక్ తీసిన అసలు సినిమా 100 నిమిషాలు. అదే కథకి ఈయన 187 నిమిషాలు తీసుకున్నాడు. ఓడలో పుస్తకం చదివే కుర్రాడు, వాడికి బుద్ధులు చెప్పే పెద్దాయన, బోలెడు బిల్డప్పు. తీరా న్యూయార్క్ వచ్చాక ఆ కుర్రాడు ఏమయ్యాడో అడిగేవాడే లేడు. డైనోసార్ల గుంపు తొక్కిసలాటలో మనుషులు పరిగెత్తేది అతికించినట్టు కనిపిస్తుంది. ఆ దీవి మనుషుల్ని దెయ్యాల్లా చూపించడం అయితే అప్పుడే చాలామంది తప్పుపట్టారు, న్యాయంగానే. 20 కోట్ల డాలర్లు దాటి ఖర్చుపెట్టినవాడు కత్తెరకి నాలుగు డబ్బులు పెట్టలేకపోయాడా?

బ్రాడీపేట 4/14:
అన్నా, మూడు గంటల సినిమా మనకేం కొత్త?

పులుసు లేని ముక్క:
కొత్త కాదు తమ్ముడూ. మన మూడు గంటల్లో పాటలుంటాయి, కామెడీ ఉంటుంది, బఠాణీలు తెచ్చుకునే టైముంటుంది. ఇక్కడ సముద్రం తప్ప ఏముంది?

గవర్నరుపేట రిటైర్డ్:
నేను 1976 నాటి రీమేకు డిగ్రీ రోజుల్లో చూసినవాణ్ణి. అందులో కాంగ్ ఎక్కేది వరల్డ్ ట్రేడ్ సెంటర్. నలభై అడుగుల యంత్రం కోతిని చేశామని ఊదరగొట్టారు. తెర మీద అది కనిపించేది కొన్ని సెకన్లే, మిగతాది చాలావరకు రిక్ బేకర్ కోతి తొడుగు వేసుకుని నటించిందే. అన్నింటికంటే అసలు 1933ది నాకిష్టం. అందులో కాంగ్ అంటే అడుగున్నర బొమ్మ. కొండపల్లి బొమ్మకి కుందేలు బొచ్చు తొడిగినట్టు ఊహించుకోండి. కొంచెం కొంచెం జరుపుతూ ఒక్కో ఫ్రేము తీశారు, సెకనుకి 24. జరిపినప్పుడల్లా వేళ్ళు తగిలి బొచ్చు కదిలిపోయేది. తెర మీద అదే కోపంతో రోమాలు లేచినట్టు కనపడింది! జాక్సన్ తొమ్మిదేళ్ళప్పుడు ఆ పాత సినిమా టీవీలో చూసి ఏడ్చాడట. ఆ ఏడుపు కొత్తదాంట్లో కనిపిస్తుంది, అందుకే నిడివి క్షమించేశాను.

సత్యనారాయణపురం శ్రీను:
మా అమ్మని తీసుకెళ్ళాను. ఇంగ్లీషు రాదు. గడ్డకట్టిన చెరువు మీద కాంగ్ జారుతూ ఆడుకునే సీనుకి నవ్వింది, విమానాలు కాంగ్‌ని కాల్చడానికి వచ్చేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాంగ్ కళ్ళు ఆండీ సెర్కిస్ అనే నటుడివని, అతను రువాండా వెళ్ళి గొరిల్లాలని చూసి వచ్చి నటించాడని నాకు తర్వాత తెలిసింది. ఆమెకి అదేం తెలియకుండానే అంతా అర్థమైంది. కాంగ్‌కి డబ్బింగ్ అక్కర్లేదు కదా. ఆఖర్న కథలో సినిమా తీసే డెన్‌హమ్ కాంగ్ శవం పక్కన నిలబడి ఏదో అన్నాడు, ఏమన్నాడురా అని అడిగింది. విమానాలు కాదు, అందమే చంపింది అంటున్నాడమ్మా అన్నాను. "వాడు గొలుసులేసి తెచ్చి, నెపం ఆ పిల్ల మీద వేస్తాడా?" అంది. ఏలూరు రోడ్డు పొడుగునా ఆటోలో వాణ్ణి తిడుతూనే ఉంది.

పులుసు లేని ముక్క:
అమ్మగారి రివ్యూ ముందు ఎబర్ట్ ఏ మూలకి!

పాత క్యాబిన్:
ఇరవై ఏళ్ళు సినిమా హాలు క్యాబిన్‌లో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా చేశాను, ఊరు చెప్పను. బాల్కనీ గారూ, మీకు సాగినట్టు గుర్తులేకపోవడానికి కారణం మీ వయసు కాదేమో. ఇంగ్లీషు బొమ్మంటే రెండు గంటలు, మధ్యలో హాలు ఊడ్చుకునే టైము కూడా మిగిలేది. ఇది మూడు గంటలు దాటింది. రీలు పదకొండు నిమిషాలనుకున్నా పదిహేడు రీళ్ళు. రోజుకి నాలుగు ఆటలు పడాలి, సెకండ్ షో వదిలేసరికి జనానికి ఇంటికెళ్ళే ఆటో దొరకాలి. ఓనరు "కొంచెం తగ్గించవయ్యా" అంటాడు. ఏం తగ్గిస్తాం? మాటలుండేవే. ఇంకోటి అడుగుతా, లోయలో పడ్డాక ఓడ వంటవాణ్ణి జలగల్లాంటి పురుగులు తలనుంచి మింగే సీను మీ హాల్లో ఉందా?

బందరు రోడ్డు బాల్కనీ:
లేదు! మొన్న ఇంట్లో చూసి ఇదెక్కడిది అనుకున్నాను. ఏళ్ళు గడిచి మర్చిపోయాను కాబోలనుకున్నా.

బ్రాడీపేట 4/14:
మాకు ఉంది. మా వాడొకడు సమోసా పక్కన పెట్టేశాడు.

సత్యనారాయణపురం శ్రీను:
మాకూ లేదండీ. ఉంటే అమ్మ మధ్యలోనే లేచొచ్చేది.

గవర్నరుపేట రిటైర్డ్:
ఇక్కడో తమాషా ఉంది. 1933లోనూ ఆ లోయలో సాలీళ్ళు మనుషుల్ని తినే సీను తీశారు. కూపర్ కథ ఆగిపోతోందని కత్తిరించి పారేశాడు, ఆ ఫిల్ము ఇప్పటికీ దొరకలేదు. జాక్సన్ ఆ లోటు తీర్చడానికే పురుగుల లోయ పెట్టాడు. డెబ్బై రెండేళ్ళ తర్వాత తిరిగొచ్చిన సీను. దాన్ని మన బెజవాడలో మళ్ళీ కోసేశారన్నమాట!

పాత క్యాబిన్:
కూపర్‌ది, మా ఓనరుది ఒకే బుర్ర.

పులుసు లేని ముక్క:
అంటే నేను చూసింది మొత్తం, మీరు చూసింది ట్రిమ్ము. అందుకే మీకు నచ్చింది. నా పాయింటే గెలిచింది కదా?

సత్యనారాయణపురం శ్రీను:
అలా ఎలా? బ్రాడీపేట ఆయన మొత్తం చూసి కూడా కాగితాలు ఎగరేశాడుగా. పైగా జాక్సన్ తర్వాత డీవీడీలో ఇంకో 13 నిమిషాలు కలిపాడు. ఆ డిస్కు నా దగ్గరుంది, కావాలంటే పంపిస్తా.

పులుసు లేని ముక్క:
వద్దు బాబోయ్.

బందరు రోడ్డు బాల్కనీ:
ఈ రాత్రి మావాణ్ణి మళ్ళీ కూర్చోబెడుతున్నా. దీవి దగ్గర్నుంచి పెడతా, ఓడ మాత్రం దాటించేస్తా.

పాత క్యాబిన్:
క్యాబిన్‌లోకి స్వాగతం అండీ.