సమస్యాపూరణం: రావణుని మెచ్చవలెనురా రామభక్త!

హనుమకొండ (నిర్వహణ)

సమస్యాపూరణం అంటే ఇచ్చిన పాదం చివర వచ్చేటట్టు పద్యం పూర్తి చేయడం. ఇక్కడ పాల్గొనేవాళ్లను వాళ్ల ఊరి పేరుతోనే పిలుస్తాము. ఈ వారం సమస్య తేటగీతి అనే నాలుగు పాదాల పద్యంలో ఉంది:

*రావణుని మెచ్చవలెనురా రామభక్త!*

విషయం సినిమా ప్రతినాయకుడు. తెరమీది దుష్టుడు జనం నోట ఎందుకు నిలిచిపోతాడో, ఆ పని ఎవరెవరు ఎట్లా చేస్తారో పూరణలో పలకాలి. రాజకీయ నాయకుల మీదికి మళ్లించిన పూరణలు తీసుకోము.

గణం అంటే లఘువులు (పొట్టి అక్షరాలు), గురువులు (సాగే అక్షరాలు) కలిసిన గుంపు. పాదం విరుపు, బ్రాకెట్లలో గణాల పేర్లతో, ఇట్లా ఉంటుంది: రావ (గల), ణుని మెచ్చ (సల), వలెనురా (నగ), రామ (గల), భక్త (గల). అంటే ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లా రెండు సూర్యగణాలు. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పోలిక కుదరాల్సిన చోటు, నాలుగో గణం మొదటి అక్షరం మీద. ప్రాస (పాదాల రెండో అక్షరాలు కలవడం) నియమం లేదు, ప్రాసయతి (యతికి బదులు ఆ రెండు చోట్ల రెండో అక్షరాలు కలవడం) చెల్లుతుంది. పైమూడు పాదాలు మీవి.

ఒక్క మాట ముందే చెప్తున్న. రాముని భక్తుడు రావణుని ఎందుకు మెచ్చాలో మూడో పాదం ముగిసేసరికి తేలాలి. అక్కడ కారణం తేలకపోతే గణాలు ఎంత బాగా కుదిరినా అది పూరణ కాదు. మన పక్కనున్న బమ్మెర పోతన హిరణ్యకశిపునికి ముందు ఘోరతపస్సు ఇచ్చిండు, వరాలిచ్చిండు, ముల్లోకాల గెలుపు ఇచ్చిండు. స్తంభం పగిలేది ఆ తర్వాతే. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ కూడా ఆ కథే.

జనగామ

*బలము లేనట్టి పగవాని బట్టి కొట్ట*
*గెలుపు కాదది, కథలోన కిక్కు లేదు*
*రాము డెంతటి వాడన్న లెక్క తెలియ*
*రావణుని మెచ్చవలెనురా రామభక్త!*

హుజూరాబాద్

భావం గట్టిగుంది అన్నా. మూడో పాదంలో యతి తప్పింది. ‘రా’కు ‘లె’ వేసిండ్రు. ర, ల హల్లులు పరస్పరం చెల్లుతాయి గాని వాటి మీది అచ్చులు ఆ, ఎ ఒక్క వర్గం కాదు. అకారానికి ఆ, ఐ, ఔ చెల్లుతాయి. ఎకారం ఇ, ఈ, ఏ, ఋలతో పోతుంది. ప్రాసయతి అనుకుందామంటే రెండో అక్షరాలు ము, క్క. అదీ కుదరదు. రెండో పాదంలో గె–కి మాత్రం సరిగ్గ పడ్డది.

హనుమకొండ (నిర్వహణ)

హుజూరాబాద్ వారి మాట నిజం. సవరణ: *రాము డెంతటి వాడని రాసి చూప*. దీంతో రా–రా యతి కుదురుతుంది, పైగా ‘రాసి చూప’ అనడంతో పూరణ స్క్రిప్టు రాసేవాని చేతికి పోతుంది. ఈ సమస్యకు కావలసింది అదే. చాలా కథలు పడిపోయేది ఇక్కడే. హీరో తెలివిని చూపడానికి విలన్‌ను తెలివితక్కువ చేస్తరు. రెండో సగానికి వచ్చేసరికి వాని ఎత్తుగడలన్నీ ప్రేక్షకునికి ముందే తెలిసిపోతయి, భయం పోతుంది. మొదటి సగంలో విలన్ కనీసం ఒక్కసారి హీరోను నిజంగా ఓడించాలి, ఆ ఓటమికి హీరో ఏదైనా పోగొట్టుకోవాలి కూడా.

‘కిక్కు’ మీద నాకు అభ్యంతరం లేదు. సినిమా పద్యంలో సినిమా మాట ఉండొచ్చు.

హుజూరాబాద్

*నిన్న రాముడై తెరమీద నిలిచినట్టి*
*తారకుండె దశాస్యుడై తనరె నేడు*
*ఒకడె యిరువురై మెప్పింప నొప్పుకొనుము*
*రావణుని మెచ్చవలెనురా రామభక్త!*

జగిత్యాల

మూడో పాదం ఈ చర్చలోనే మేలైనది. ‘ఒప్పుకొనుము’ అన్న మాటతో భక్తుని మొండితనం కూడా తెలిసిపోతున్నది. గణాలు, యతులు అన్నీ సరిగ్గ ఉన్నయి. తప్పు చరిత్రలో ఉంది. తారకుడంటే ఎన్టీఆర్, దశాస్యుడంటే రావణుడు. ఎన్టీఆర్ రావణుడుగా ‘సీతారామ కల్యాణం’ 1961లో వచ్చింది, రాముడుగా ‘లవకుశ’ 1963లో. అంతకు ముందే 1958లో ‘భూకైలాస్’ రావణుడు ఉన్నడు. అంటే నిన్న రావణుడు, నేడు రాముడు. మీ పద్యం తిరగబడ్డది.

1978లో ‘శ్రీరామ పట్టాభిషేకం’లో రెండు వేషాలూ ఆయనవే. పద్యాన్ని దానిమీద నిలబెడితే ‘ఒకడె యిరువురై’ అన్నది అక్షరాలా నిజమైతది. అప్పుడు నిన్న, నేడు తీసేయాలి:

*నీలవర్ణుడై తెరమీద నిలిచినట్టి*
*తారకుండె దశాస్యుడై తనరె నందె*

నీ–ని యతి చెల్లుతుంది. ‘తనరెన్ + అందె’ కాబట్టి సంధి కూడా సరే.

ఆయన ప్రతినాయకులకు ఒక సమాన లక్షణం ఉంది. వాళ్లకు తమ వాదన తమకు ఉంటది. 1977 ‘దాన వీర శూర కర్ణ’లో దుర్యోధనునికి కొండవీటి వెంకటకవి రాసిన సంభాషణలు చూడండి. అన్యాయం తనకే జరిగిందని దుర్యోధనుడు నమ్ముతున్నట్టు ఉంటయి. తాను చెడ్డవాణ్నని తెలిసి నవ్వే విలన్ కంటే, తానే న్యాయమని నమ్మే విలన్ ఎక్కువ భయపెడతడు.

హుజూరాబాద్

సవరణ స్వీకరిస్తున్న సార్. ‘అందె’ అన్న ఒక్క మాటతో కాలదోషం పోయింది.

మంచిర్యాల

*గొంతు నరువు తెచ్చుకొన్నను గొప్ప నటుడె*
*వేషమొక తల, పలుకొక వేఱు తలయు*
*పదుగురును గూడి యొకడైన పనితనమున*
*రావణుని మెచ్చవలెనురా రామభక్త!*

హనుమకొండ (నిర్వహణ)

పది తలలకు ఇంతకంటే మంచి అర్థం ఈ సమస్యలో రాదనుకుంట. సమస్య ఇచ్చినప్పుడు నా మనసులో ఉన్నది కూడా ఇదే. అందుకే దీని మీద కొంచెం ఎక్కువ రాస్తున్న.

మొదట గణం. మొదటి పాదంలో గొంతు (గల), నరువు తె (నగ) దాకా బాగుంది. ఆ తర్వాత ‘చ్చుకొన్నను’ లఘువు, గురువు, రెండు లఘువులు అయింది. ఆ వరుస ఇంద్రగణాల్లో లేదు. ‘తె’ తర్వాత ద్విత్వం రావడంతో ‘తె’ గురువై ముందు గణంలో కలిసిపోయింది, మిగిలినదాని నడక చెడ్డది. ‘తెచ్చుకొను’ క్రియ తేటగీతిలో పెట్టినప్పుడు చాలామందికి ఇదే జరుగుతది. సవరణ: *గొంతు నరువు గొన్నను గాని గొప్ప నటుడె*. ఇప్పుడు మూడో గణం ‘న్నను గాని’, సలం.

ఇక విషయం. ‘అరుంధతి’ (2009) పశుపతికి దేహం సోనూ సూద్‌ది, తెలుగు గొంతు రవిశంకర్‌ది. ఇద్దరిలో ఎవరు లేకున్నా ఆ పాత్ర లేదు. డబ్బింగ్‌లో అసలు చిక్కు పెదవులు మూసే అక్షరాల దగ్గర వస్తది. ప, ఫ, బ, భ, మ పలికితే తెరమీద పెదవులు మూసుకోవాలి. సెకనుకు 24 ఫ్రేములు. మూడు నాలుగు ఫ్రేములు జారినా గొంతు వేరు, మనిషి వేరు అని కన్ను పట్టేస్తది. పశుపతి అనే ‘వదల బొమ్మాళీ’ మాటలో బ, మ రెండూ పెదవులు మూయించేవే, అవి రెండు మేకుల్లాగ గొంతును ముఖానికి బిగిస్తయి. చివరి దీర్ఘం ‘ళీ’ దగ్గర నోరు తెరిచే ఉంటది కాబట్టి అక్కడ గొంతు ఎంతసేపు లాగినా తేడా తెలువదు. ఆ మాట అంతగా పాతుకుపోవడానికి సగం కారణం ఇదని నా నమ్మకం.

మిగిలిన తలలు: మేకప్, దుస్తులు, కెమెరా, లైటు, నేపథ్య సంగీతం, మాటలు, కూర్పు. కెమెరా నడుము కిందినుంచి పైకి చూస్తే మామూలు ఎత్తు మనిషి కూడా గోడలా కనిపిస్తడు. లైటు గడ్డం కిందినుంచి పడితే నీడలు తలకిందులై, తెలిసిన ముఖమే తెలియని ముఖమైతది. అయితే ప్రతి షాటులో అదే చేస్తే మూడో షాటుకే పసలేకుండ పోతది. ఒకటి రెండు చోట్లకు దాచిపెట్టుకోవాలి.

మంచిర్యాల

సవరణ సరే సార్. ఇంకొక తల కలపాలె. ‘బాహుబలి’ (2015) కాలకేయునికి మదన్ కార్కీ కిలికి అని ఒక భాషనే కట్టిండు. అర్థం తెలియకున్నా ఆ పాత్ర వేసిన ప్రభాకర్ పలికిన తీరుకు భయం పుట్టింది. మాట అర్థం కంటే ముందు దాని చప్పుడు పనిచేస్తదని దానితో రుజువైంది.

పరకాల

*అరుపు లేకుండ మెల్లగా నదరగొట్ట*
*చూపు చాలును, కత్తుల జోలి యేల*
*రంకె లిడకుండ వణికించు రాజసమున*
*రావణుని మెచ్చవలెనురా రామభక్త!*

జనగామ

చూ–జో యతి ముచ్చటగుంది అక్కా. పద్యం మాత్రం ‘శివ’ (1989)లో రఘువరన్ వేసిన భవాని పాత్రకు సరిపోయినంత రావణునికి సరిపోలేదు. తెలుగు తెరమీద రావణుడు గంభీరంగా గొంతెత్తే పాత్ర.

పరకాల

భవానిని మనసులో పెట్టుకునే రాసిన. ఇక్కడ రావణుడంటే ప్రతినాయకుడని అర్థం. చుట్టూ ఉన్నవాళ్లు గట్టిగ మాట్లాడుతుంటే వాడొక్కడే గొంతు తగ్గించిండు, అందుకే అందరి చూపు వాని దిక్కే పోయింది. అందరూ మెల్లగ మాట్లాడే సినిమాలో ఇదే పని చేస్తే ఫలితం రాదు.

గోదావరిఖని

*మన పలుకు దుష్టు నోటనే మసలజేయ*
*చిన్నబోయిన పల్లెలు సినిమ చూసి*
*నేడు నాయకు నోటను నిలిచె నదియె*
*రావణుని మెచ్చవలెనురా రామభక్త!*

జగిత్యాల

ఈ పూరణ రావాల్సిందే, వచ్చింది. అన్వయం ఒక్కటి చూసుకోండి. ‘చిన్నబోయిన పల్లెలు’ అన్నరు, ఆ పల్లెలు ఏంచేసినయో క్రియ లేదు. ‘చిన్నబోయెను పల్లెలు సినిమ చూసి’ అంటే వాక్యం అక్కడ పూర్తయితది, మూడో పాదం కొత్తగ ఎత్తుకోవచ్చు. గణం కూడా మారదు, బోయిన, బోయెను రెండూ భగణమే (గురువు, రెండు లఘువులు).

విషయానికొస్తే, ‘ప్రతిఘటన’ (1985) కాశయ్య, ‘గణేష్’ (1998)లో మంత్రి, రెండూ కోట శ్రీనివాసరావువే, రెండింటికీ తెలంగాణ యాసనే. కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టిన నటుడు ఆ యాసను అంత నమ్మకంగ పలికిండంటే అది ఆయన గొప్పతనం, అందులో అనుమానం లేదు. బాధ ఎక్కడంటే, ఏండ్ల తరబడి ఆ యాస విలన్‌కో నవ్వించేటోనికో తప్ప నాయకునికి దక్కలేదు. ‘దసరా’ (2023)లో సింగరేణి బొగ్గుబాయిల పక్కూరి నాయకుడూ, ప్రతినాయకుడూ ఒక్క యాసనే మాట్లాడిన్రు. అప్పుడు యాసను చూసి మంచీ చెడూ పోల్చుకునే పని లేకుండ పోయింది, పాత్రను పాత్రగనే చూసినం. గోదావరిఖని వారి మూడో పాదం చెప్పేది అదే. ఇప్పుడు విలన్‌ను నిశ్చింతగ మెచ్చుకోవచ్చు.

రాసేటోళ్లకు ఒక మాట: వాక్యం చివర ‘భై’ తగిలిస్తే యాస కాదు. ‘వచ్చిండు, పోయిన్రు, చెప్తలేను’ అని క్రియ మారాలె, మొదటి సీను నుంచి చివరి దాకా మారాలె. కోపం వచ్చినప్పుడు పుస్తకభాషకు జారితే పాత్ర అక్కడే పగిలిపోతది.

గోదావరిఖని

‘చిన్నబోయెను’ పెట్టుకున్న అన్నా.

జగిత్యాల

ఛందస్సు మీద పట్టున్నవాళ్లు గమనించాల్సిన సంగతి ఇంకొకటుంది. ‘పాతాళ భైరవి’ (1951) మాంత్రికుడుగా ఎస్వీ రంగారావు పలికిన ‘సాహసం శాయరా డింభకా’ను విరిచి చూడండి. సాహసం రగణం (గురువు, లఘువు, గురువు), శాయరా ర, డింభకా ర. మూడు రగణాలు వరుసగ ఉన్నయి, ఒక్క లఘువు కూడా అటుఇటు లేదు. ప్రతి గణం చివర గురువు మీద ఆగి, చూసి, మళ్లా పలకొచ్చు, ఆయన చేసింది అదే. డెబ్బై ఏండ్లు దాటినా పిల్లలు కూడా తప్పు లేకుండ అంటున్నరంటే ఆ నడక వల్లనే.

‘వదల బొమ్మాళి’ అయితే ఇంకా దగ్గర. వదల నగణం (మూడు లఘువులు), చివరి ‘ళీ’ని పొట్టి చేస్తే బొమ్మాళి తగణం (రెండు గురువులు, లఘువు). తేటగీతి పాదం మొదటి రెండు గణాలు తయారుగ ఉన్నయి.

విలన్‌కు మాట రాసేటప్పుడు గణం కట్టి చూసుకోండి. రెండు మూడు గణాలు మించితే జనం నోటికి రాదు. మధ్యలో సంయుక్తాక్షరాలు గుమిగూడితే నటుడు తడబడతడు, ఎడిటింగ్‌లో ఆ మాటే ముందు పోతది.

హనుమకొండ (నిర్వహణ)

జగిత్యాల సార్ విరుపే వచ్చే సమస్యకు దారి ఇచ్చింది. ఈ వారానికి మంచిర్యాల పూరణ మొదటిది, సవరించిన హుజూరాబాద్ పూరణ రెండోది. గోదావరిఖని పూరణను ‘చిన్నబోయెను’తో కలిపి దాచుకుంటున్నం.

వచ్చే వారం సమస్య, మళ్లా తేటగీతిలోనే:

*వదల బొమ్మాళి యనె రామభద్రు డపుడు*

వ–భ యతి చెల్లుతుంది. రాముని నోట ఆ మాట ఎందుకు వచ్చిందో మీరే చెప్పాలి. నాటకంలో వేషం మారిందనో, కల వచ్చిందనో తప్పించుకునే పూరణలు ఇప్పటికే పాతబడ్డయి, వాటిని పక్కన పెట్టి ఆలోచించండి. ఆదివారం రాత్రి దాకా గడువు.