చిన్న అణువు డీఎన్ఏ వరుసను చదువుతుందా, గాడి ఆకారానికే ఒదుగుతుందా?

ప్రశ్న:
పైరోల్, ఇమిడజోల్ అనే నైట్రోజన్ ఉన్న వలయాలను గొలుసుగా కూర్చిన కృత్రిమ అణువులైన పాలీఅమైడ్లు, డీఎన్ఏ మెలికలోని రెండు గాడుల్లో ఇరుకైనదైన చిన్న గాడిలో ఒదిగి, మనం కోరిన క్షారాల (ఎ, టి, జి, సి అనే అక్షరాల) వరుసనే గుర్తిస్తాయంటారు. సహజంగా దొరికే యాంటీబయాటిక్‌లైన నెట్రాప్సిన్, డిస్టమైసిన్ కూడా ఆ గాడిలోనే చేరతాయి గానీ, ఎ-టి జతలున్న ఇరుకైన చోటును వెతుక్కుంటాయే తప్ప ఏ జత ఎక్కడుందో చదవవు. మనం రూపొందించినవి అంతకు మించి ఏం చేస్తున్నాయి?

సమాధానం:
చదువుతున్నాయనే నా దృఢాభిప్రాయం. గ్వానైన్ (జి) అమైనో గుంపు చిన్న గాడిలోకి పొడుచుకొని ఉంటుంది. డిస్టమైసిన్‌కు అది అడ్డు, ఇమిడజోల్ నైట్రోజన్‌కు మాత్రం అదే హైడ్రోజన్ బంధానికి ఆధారం. రెండు పాలీఅమైడ్ పోగులు గాడిలో పక్కపక్కనే, వ్యతిరేక దిశల్లో పరుచుకున్నప్పుడు, ఇమిడజోల్‌కు ఎదురుగా పైరోల్ ఉంటే జి-సి జతను, పైరోల్‌కు ఎదురుగా ఇమిడజోల్ ఉంటే సి-జి జతను ఎంచుకుంటాయి. రసాయన శాస్త్రవేత్త పీటర్ డెర్వాన్ బృందం ఆ రెండు పోగులనూ మలుపుతో కలిపి హెయిర్‌పిన్‌గా మలిచింది. 1996లో ప్రచురించిన ఎనిమిది వలయాల అణువు నానోమోలార్ (లీటరుకు మోల్‌లో వందకోట్లవ వంతు) కన్నా తక్కువ గాఢతలోనే లక్ష్యాన్ని పట్టుకుంది. ఒక్క జత మారినా పట్టు సడలడాన్ని గాడి ఆకారంతో మాత్రమే వివరించలేము.

ప్రతివాదన:
రసాయన శాస్త్రపరంగా మీరు చెప్పింది ఒప్పుకుంటాను. అయితే చదవడం వేరు, చిరునామా కనుక్కోవడం వేరు. ఎదురెదురుగా ఉన్న పైరోల్ జంట ఎ-టిని, టి-ఎని విడదీయలేదు. హెయిర్‌పిన్ మలుపు, అణువు చివరనున్న తోక ఉన్న చోట్లా ఆ అస్పష్టత ఉంది. అంటే ఆ ఎనిమిది వలయాల అణువు చూసే ఆరు స్థానాల్లో రెండింటికే కచ్చితమైన అక్షరం ఉంది, మిగిలిన నాలుగింటిలో ఎ లేదా టి ఏదైనా చాలు. నాలుగు క్షారాలూ సమానంగా ఉన్నాయనుకొని లెక్కిస్తే అటువంటి వరుస ప్రతి 256 స్థానాలకు ఒకటి తగులుతుంది. సుమారు 320 కోట్ల జతలున్న మానవ జీనోమ్‌లో అది కోటీ ఇరవై అయిదు లక్షల చోట్లు. హైడ్రాక్సిల్ గుంపు చేర్చిన పైరోల్ అయిన హైడ్రాక్సీపైరోల్‌తో టి-ఎని గుర్తించవచ్చని 1998లో చూపారు, నిజమే, కానీ పట్టు కొంత తగ్గింది.

సమాధానం:
లెక్కతో వాదం లేదు. కానీ అన్ని చోట్లా అతుక్కోవడం, అన్ని చోట్లా ప్రభావం చూపడం ఒకటి కావు. ఒక జన్యువును నడిపే ప్రోటీన్ కూర్చునే స్థానాన్ని ఆక్రమిస్తేనే ఆ జన్యువు అణిగే అవకాశం ఉంటుంది. వేరే చోట్ల అతుక్కున్నవాటిలో చాలావరకు నిరపాయంగానే ఉండవచ్చు.

ప్రతివాదన:
అలాగైతే దానిని నిరూపించే పని మిగిలే ఉంది. ఒకే పరిమాణం, ఒకే ఆవేశం కలిగి, ఒక్క వలయం స్థానం మాత్రం మార్చిన జోడీ అణువును అదే కణాలకు ఇవ్వాలి. రెండూ కణంలోకి సమానంగా ప్రవేశించాయని ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే అది వలయాల అమరికతోనే మారిపోగలదు. ఆ తరువాత రెండింటి వల్లా ఒకే జన్యువులు మారితే, ఆ మార్పుకు వరుస గుర్తింపు కారణం కాదు.