నోట్లో మానని పుండుకు స్కానింగ్ ముందా, ముక్క పరీక్ష ముందా?

పలాస అల్లుడు:
మా అత్తగారికి అరవై దాటాయి. చిన్నప్పటి నుంచి అడ్డపొగ అలవాటు. మా వైపు తెలియనివాళ్ళకు చెబుతున్నాను, చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అంగిలి మీద తెల్లమచ్చ ఎప్పటి నుంచో ఉంది. ఇప్పుడు దాని మధ్యలో ఎర్రగా పుండు పడి నెల దాటినా మానలేదు. డెంటల్ డాక్టరు చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుదామంటున్నారు. మా బావమరిదేమో కత్తి పెడితే పాకుతుంది, ముందు ఎంఆర్ఐ తీయిద్దామని పట్టుబడుతున్నాడు. ఇంటిల్లిపాదీ టెన్షన్‌లో ఉన్నాం. ఏది ముందు?

ఓరల్ పాథాలజీ పీజీ:
బయాప్సీయే ముందండీ. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్న భయంతోనే చాలామంది నెలల తరబడి ఆగిపోతున్నారు. స్కాన్‌లో పుండు ఎంత ఉంది, ఎంత లోతుకు దిగింది, ఎముక తిన్నదా అన్నది తెలుస్తుంది. అది క్యాన్సరా కాదా అని తేల్చేది మైక్రోస్కోపు. కణాలు మారడం మొదలైన దశలో తేడా అంతా పైపొరలోనే ఉంటుంది, అది సాధారణంగా మిల్లీమీటరు లోపే. ఎంఆర్ఐకి అది అందదు. అప్పుడు నార్మల్ అని రిపోర్టు వస్తే ఇంటిల్లిపాదీ నిశ్చింతగా కూర్చుంటారు, నా భయమంతా అదే.

రేడియాలజీ మనిషి:
పీజీ గారూ, తెల్లమచ్చ వరకూ మీ మాట ఒప్పుకుంటాను. నెల దాటిన పుండు సంగతి వేరు. ముక్క తీసిన చోట వాపు వస్తుంది, ఆ తర్వాత తీసిన ఎంఆర్ఐలో గడ్డ ఏదో వాపు ఏదో విడదీయడం కష్టం. క్యాన్సర్ స్టేజీలు నిర్ణయించే అమెరికా కమిటీ ఏజేసీసీ పుస్తకం 8వ ఎడిషన్ నుంచి నోటి క్యాన్సర్ స్టేజీకి లోతు కూడా లెక్కే. లోతు 5 మి.మీ. దాటితే, మళ్ళీ 10 మి.మీ. దాటితే స్టేజీ లెక్క మారవచ్చు. వాపు వల్ల లోతు ఎక్కువగా కనబడితే ఆపరేషన్ ప్లానే మారిపోవచ్చు. పైగా అంగిలికి ఆనుకునే ఎముక ఉంటుంది, అది తిన్నదో లేదో సీటీలో బాగా తెలుస్తుంది. నీలంగా ఉండి నొక్కితే పాలిపోయే ముద్ద అయితే అసలు స్కాన్ లేకుండా కత్తి పెట్టకూడదు, అది రక్తనాళాల గడ్డ కావచ్చు.

ఓరల్ పాథాలజీ పీజీ:
రక్తనాళాల గడ్డ, దవడ ఎముక లోపలి తిత్తులు, వీటికి ఇమేజింగే ముందు. అందులో నాకు వాదం లేదు. కానీ అత్తగారిది పైకి కనిపిస్తున్న పుండు. కేరళలో 1996లో మొదలుపెట్టిన పరిశీలనలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి నోరు తెరిపించి కంటితోనే చూశారు. 2005లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం పొగాకు, మద్యం అలవాటున్నవాళ్ళలో నోటి క్యాన్సర్ మరణాలు మూడో వంతు తగ్గాయి. అక్కడ స్కానర్ లేదు. అనుమానం వచ్చిన మనిషిని వెంటనే డాక్టరు దగ్గరకు పంపడమే పనిచేసింది.

డాలస్ నుంచి:
నోట్లో నీలి లైటు వేసి చూసే పరికరం గురించి ఎవరూ చెప్పలేదే? బాగున్న చర్మం ఆకుపచ్చగా మెరుస్తుంది, అనుమానం ఉన్నచోటు నల్లగా కనిపిస్తుంది.

ఓరల్ పాథాలజీ పీజీ:
మామూలు వాపు కూడా నల్లగానే కనిపిస్తుందండీ. ఏళ్ళ తరబడి నిప్పు సెగ తగిలిన అంగిలిలో దాన్ని నమ్ముకోలేం.

పలాస అల్లుడు:
ఈ రోజు డాక్టరు వేలితో తడిమి, పుండు అంచు గట్టిగా ఉందన్నారు. ఎంఆర్ఐకి పది రోజుల తర్వాత డేటిచ్చారు.

రేడియాలజీ మనిషి:
అంచు గట్టిపడిందంటే పది రోజులు ఆగకండి. రేపటికి స్కాన్ దొరికితే నేను స్కానే ముందంటాను, దొరకకపోతే బయాప్సీ కానివ్వండి. స్కాన్‌కు వెళ్ళేటప్పుడు కట్టుడు పళ్ళుంటే తీసేయమనండి. బయాప్సీ ఏ రోజు, ఎక్కడ తీశారో స్కాన్ ఫారంలో రాయించండి, రిపోర్టు ఇచ్చేవాళ్ళు ఆ వాపును గుర్తుపడతారు.

ఓరల్ పాథాలజీ పీజీ:
ముక్కను పుండు మధ్యలోంచి కాకుండా అంచు నుంచి తీయమని అడగండి. మధ్యలో చచ్చిన కణాలే ఉంటే రిపోర్టు తేలక మళ్ళీ తీయాల్సి వస్తుంది. అడ్డపొగ సంగతి కూడా ఫారంలో తప్పకుండా రాయించండి.