జనరల్ మోటార్స్ కేసు: నల్లజాతి స్త్రీలకు రెండు దావాలు విడివిడిగా ఎందుకు పనికిరాలేదు?

ప్రశ్న
బ్లాక్ ఫెమినిజం మీద సెమినార్ పేపర్ రాస్తున్నాను. అమెరికాలో నల్లజాతి స్త్రీలు జనరల్ మోటార్స్ కార్ల కంపెనీ మీద వేసిన 1976 నాటి డిగ్రాఫెన్‌రీడ్ కేసు దగ్గర ఆగిపోయాను. 1964కు ముందు కంపెనీ నల్లజాతి స్త్రీలను ఉద్యోగాల్లోకే తీసుకోలేదని తేలాక కూడా కోర్టు దావా ఎలా కొట్టేసింది? జాతి వివక్ష అని ఒకటి, లింగ వివక్ష అని ఒకటి వేసి ఉంటే గెలిచేవారా?

జవాబు 1
గెలిచేవారు కాదండీ. ఊహా అంకెలతో చూడండి. ఫ్యాక్టరీలో 1000 మంది: తెల్ల పురుషులు 700, నల్ల పురుషులు 200, తెల్ల స్త్రీలు 100, నల్ల స్త్రీలు సున్నా. జాతి లెక్క అడిగితే కంపెనీ 200 మందిని చూపిస్తుంది. స్త్రీల లెక్క అడిగితే 100 మందిని చూపిస్తుంది. సున్నా ఏ లెక్కలోనూ కనబడదు. మీ పేపర్లో ఏ గణాంకాలు వాడినా జాతి, లింగం రెండూ కలిపిన పట్టిక వేయండి. విడి మొత్తాలు మాత్రమే ఇస్తే వివక్షను మీరే దాచేసినట్టు.

సెయింట్ లూయిస్‌లో నడిచిన ఈ డిగ్రాఫెన్‌రీడ్ కేసులో జరిగిందీ ఇదే. 1970 తర్వాత చేరిన నల్లజాతి స్త్రీలందరి ఉద్యోగాలూ మాంద్యంలో సీనియారిటీ ప్రకారం జరిగిన లేఆఫ్‌లో పోయాయి. 1964కు ముందే స్త్రీలు (తెల్లవాళ్లు) ఉన్నారు కాబట్టి లింగ వివక్ష లేదంది కోర్టు. జాతి సంగతి అదే కంపెనీ మీద నడుస్తున్న మరో కేసులో కలుపుకోమంది. రెండూ జోడించి కొత్త ‘సూపర్ రెమెడీ’ (చట్టం ఇచ్చేదానికి మించిన పరిహారం) ఇవ్వలేమంది.

జవాబు 2
చాలామంది ఇక్కడే ఆపేస్తారు, మీరు ఆపకండి. 1977లో అప్పీలు కోర్టు జాతి, లింగ వాదనను కొట్టేసిన తీరుతో పూర్తిగా ఏకీభవించలేదు. అయినా సీనియారిటీ విషయంలో ఆ స్త్రీలు ఓడారు. అదే ఏడాది టీమ్‌స్టర్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, నిజాయితీగా నడిచే సీనియారిటీ పద్ధతి పాత వివక్షను కొనసాగించినా చట్టవిరుద్ధం కాదని తేల్చింది. చివర చేరినవాళ్లను ముందు తీసేసే నియమం పైకి అందరికీ ఒకటే. తలుపు ఎవరికి ఆలస్యంగా తెరిచారో వాళ్లే రోడ్డున పడతారు. ఇది ఘోరమైన అన్యాయం, పేపర్లో గట్టిగా చెప్పాల్సిన చోటు.

1980 నాటి జెఫరీస్ కేసులో ఫిఫ్త్ సర్క్యూట్ (మరో అప్పీలు కోర్టు) జాతి, లింగం కలిపిన వాదనను ఒప్పుకుంది. 1983లో హ్యూస్ హెలికాప్టర్స్ కేసులో ఇబ్బంది రెండో వైపు నుంచి వచ్చింది: దావా వేసిన ఉద్యోగిని నల్లజాతి స్త్రీనని చెప్పుకున్నందుకు, ఆమె స్త్రీలందరి తరఫునా నిలబడలేదన్నారు. గుంపు చిన్నదయ్యేసరికి గణాంకాలకు బలం పోయింది. న్యాయశాస్త్ర అధ్యాపకురాలు కింబర్లీ క్రెన్షా 1989 వ్యాసం ఈ కేసుల్ని పక్కపక్కన పెట్టి చూపించింది. ఆలోచన మాత్రం అంతకు ముందుదే. బోస్టన్‌లోని నల్లజాతి స్త్రీవాదుల బృందం కాంబహీ రివర్ కలెక్టివ్ 1977 ప్రకటనలోనే జాతి, లింగ, వర్గ అణచివేతలు ఒకదానిలో ఒకటి పెనవేసుకున్నాయని రాసింది.

ప్రశ్న అడిగినవారు
చాలా ఉపయోగపడిందండీ. మన కోర్టుల్లో దీన్ని నేరుగా వాడిన తీర్పు ఉందా?

జవాబు 3
ఉంది. పఠాన్ జమాల్ వలీ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, సుప్రీంకోర్టు, 2021 ఏప్రిల్ 27. బాధితురాలు చూపులేని ఎస్సీ యువతి. ఇంటర్‌సెక్షనాలిటీని (జాతి, కులం, లింగం లాంటి వివక్షలు ఒకే మనిషి మీద కలిసి పనిచేయడాన్ని) వివరంగా చర్చించి, అత్యాచారానికి యావజ్జీవాన్ని నిలబెట్టారు. ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ చట్టం 3(2)(వి) కింద శిక్ష మాత్రం నిలవలేదు. నేరం 2011 నాటిది. అప్పటి సెక్షన్ ప్రకారం, ఆమె ఎస్సీ అన్న కారణంతో చేశాడని రుజువు కావాలి. కులం, లింగం, వైకల్యం కలిసి ఆమెను నిస్సహాయురాల్ని చేసినప్పుడు ఒక్క కారణాన్ని విడదీసి చూపడం ఎంత కష్టమో తీర్పే చెప్పింది. సెయింట్ లూయిస్ చిక్కు ఇక్కడా ఎదురైంది.

2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న సవరణతో, కులం తెలిసి చేశాడంటే చాలు. అదే చట్టం సెక్షన్ 8(సి) ప్రకారం నిందితుడికి బాధితురాలితో గానీ ఆమె కుటుంబంతో గానీ పరిచయం ఉంటే, తెలుసనే కోర్టు భావిస్తుంది. తెలియదని నిరూపించుకోవాల్సింది అతనే. కాబట్టి ఇలాంటి కేసుల్లో పరిచయానికి సాక్ష్యం (ఒకే ఊరు, పని సంబంధం, రాకపోకలు) మొదటి వాంగ్మూలంలోనే నమోదు కావాలి. వైకల్యం కూడా అక్కడే రాయించాలి. విచారణ దశలో చేర్చితే, తర్వాత కల్పించారని డిఫెన్స్ పట్టుకుంటుంది.